కాళి శిల: అడవిపంది వేటలో జాగిలం



చంద్రపూర్ లాల్‌పేట్‌లో బొగ్గు గనుల పనికని వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. పని గనిలోనే అయినా, కొందరికి సొంత ఊళ్ళో ఎకరమో రెండెకరాలో పొలం ఉంటుంది. పండక్కి ఊరు వెళ్తే వినపడే మాట మీకు తెలిసిందే: "ఈసారి కూడా జొన్న పందుల పాలైంది." దాని వెనకే మరో మాట వస్తుంది: "మా తాతల కాలంలో నాలుగు కుక్కలుంటే చాలు, పంది చేను వైపు చూసేది కాదు." ఆ తాతల కాలపు కుక్కల గురించే ఇవాళ నాలుగు మాటలు చెప్పుకుందాం.

వేటకుక్కకు మన భాషలో మంచి పేరుంది: జాగిలం. శ్రీకాళహస్తి కన్నప్ప కథ మీరు వినే ఉంటారు. తిన్నడనే బోయ యువకుడు వేటకు వెళ్ళి, అడవిపంది వెంటబడి, చివరికి శివుడున్న చోటికి చేరాడు. 16వ శతాబ్దంలో ధూర్జటి ఆ కథను కావ్యంలో చెప్పాడు. అదే శతాబ్దంలో అల్లసాని పెద్దన మనుచరిత్రలో స్వరోచి వేటను వర్ణిస్తూ జాగిలాలను కళ్ళకు కట్టించాడు. అంతకు నాలుగు వందల ఏళ్ళ ముందే, 12వ శతాబ్దంలో, కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసమనే సంస్కృత గ్రంథంలో రాజుల వినోదాలను వివరిస్తూ కుక్కలకు ఒక భాగమే కేటాయించాడు. అంటే కుక్కను ఎంచడం, పెంచడం అప్పటికే ఒక విద్య.

ఆ విద్యకు రాతి మీద సాక్ష్యం కావాలంటే కర్ణాటకకు వెళ్ళాలి. మండ్య జిల్లాలో ఆతకూరు అనే ఊరుంది. 949లో తక్కోలం దగ్గర చోళులకూ రాష్ట్రకూటులకూ పెద్ద యుద్ధం జరిగింది. రాష్ట్రకూట రాజు మూడవ కృష్ణుడి పక్షాన గంగ రాజు బూతుగుడు పోరాడాడు. బూతుగుడి దగ్గర మణలేరుడనే వీరుడు ఉండేవాడు. అతని పరాక్రమానికి మెచ్చి రాజు, "ఏం కావాలో కోరుకో" అన్నాడు. అతను బంగారం అడగలేదు. "కాళిని ఇప్పించండి" అన్నాడు. కాళి రాజుగారి వేటకుక్క.

తర్వాత ఒకనాడు కాళిని పెద్ద అడవిపంది మీదికి వదిలారు. కాళి పందిని చంపింది, పంది కాళిని చంపింది. మణలేరుడు ఆతకూరు గుడి ముందర శిల నిలబెట్టించి దానికి భూమి దానం చేశాడు. ఆ రాతి మీద కుక్కా పందీ కలబడుతున్న బొమ్మ చెక్కారు. ఈ శిలకు పూజ చెయ్యకుండా పూజారి అన్నం తింటే పాపం తగులుతుందని శాసనంలో రాయించారు. ఆ శిల ఇప్పుడు బెంగళూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. శ్రోతలారా, ఊరి కోసం ప్రాణమిచ్చిన మనిషికి వీరగల్లు వేయడం మనకు తెలుసు. కుక్కకూ అదే గౌరవం ఇచ్చారు.

ఈ గౌరవం ఎందుకో తెలియాలంటే వేట తీరు తెలియాలి. అడవిపంది పారిపోయే జంతువే. కానీ దారి మూసుకుపోతే తిరగబడుతుంది. దాని కోర కత్తిలాంటిది. ఒక్క విసురుకు కుక్క కడుపు చీలిపోతుంది. అందుకే ఒక్క కుక్కతో పని జరగదు. వాసన పట్టి జాడ తీసేవి కొన్ని, పందిని చుట్టుముట్టి మొరుగుతూ కదలనివ్వకుండా నిలిపేవి కొన్ని, చెవినో తొడనో పట్టి వదలనివి కొన్ని. మనిషి ఈటెతో వచ్చేదాకా భారమంతా వాటిదే. పిరికి కుక్క పనికిరాదు, ఒళ్ళు తెలియని మొండి కుక్క ఎక్కువ రోజులు బతకదు. పంది దగ్గరికి వెళ్ళాలి, కోరకు దొరకకూడదు. ఆ తెలివి నేర్పితే వచ్చేది కొంత, తల్లి నుంచి వచ్చేది కొంత. అందుకే వేటలో నిలిచిన ఆడకుక్క ఈతకే విలువ.

అలా తరతరాల ఎంపికతో జాతిగా నిలిచిన కుక్క ఒకటి తమిళనాడు విరుదునగర్ జిల్లాలోని రాజపాళయంలో ఉంది. పడమటి కనుమల పాదాన ఉన్న ఆ ఊళ్ళో, విజయనగర, నాయక రాజుల కాలంలో తరలివెళ్ళిన రాజుల కుటుంబాలు ఈనాటికీ ఇంట్లో తెలుగే మాట్లాడతాయి. లాల్‌పేట్ వాళ్ళకు ఇది వింతగా ఉండదు. పొట్ట చేతబట్టుకుని ఊరు మారినా, మాట మారలేదు.

ఆ ఊరి పేరే కుక్కకూ వచ్చింది. పాలలాంటి తెలుపు, గులాబి రంగు ముక్కు, లోతైన ఛాతీ, సన్నని నడుము, పొడుగు కాళ్ళు. భుజం దగ్గర సుమారు 65 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తు. అడవిపంది వేటకూ, ఇంటి కాపలాకూ దాన్ని పెంచారు. అయితే తెలుపు మీది మోజుకు ఒక మూల్యం ఉంది. లోపలి చెవి పనిచేయడానికి రంగునిచ్చే కణాలు అవసరం. అవి లోపిస్తే పిల్ల చెవిటిదిగా పుడుతుంది. కొద్ది కుక్కల మధ్యే ఈతలు కట్టించడంతో ఈ లోపం పెరిగింది. 2005లో తపాలా శాఖ ఈ కుక్క బొమ్మతో స్టాంపు వేసింది.

సముద్రాల అవతల అర్జెంటీనాలో 1920ల్లో అడవిపంది వేట కోసమే డోగో అనే కుక్కను తయారు చేశారు. అదీ తెల్లదే, అందులోనూ చెవుడు కనిపిస్తుంది. మనిషి కోరిక ఎక్కడైనా ఒకటే, కుక్క చెల్లించేదీ ఒకటే.

ఇక మన పొలం సంగతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. 2022 సవరణ తర్వాత కూడా అడవిపంది రక్షిత జాబితాలోనే ఉంది. చట్టం దృష్టిలో వేట అంటే తుపాకీ పేల్చడమే కాదు. తరమడం, ఉచ్చు పన్నడం, ఎర పెట్టడం కూడా వేటే. కాబట్టి కుక్కల్ని పంది మీదికి ఉసిగొల్పడం నేరం. పంట మరీ పాడవుతుంటే అధికారం ఉన్న అటవీ అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. పంట నష్టానికి పరిహారం అడిగే దారి కూడా ఉంది. చేను చుట్టూ కరెంటు తీగ మాత్రం లాగకండి. దానికి పంది, పులి, పక్కింటి మనిషి అన్న తేడా లేదు.

మరి కుక్క? మంచె కింద కట్టేసిన కుక్క మొరిగితే కాపలా మనిషి నిద్ర లేస్తాడు, డప్పు మోగుతుంది, పంది పక్కకు తప్పుకుంటుంది. ఆ పని ఈనాటికీ ఉంది. కానీ దాన్ని అడవిలోకి వదలవద్దు, టీకాలు మరవవద్దు. 2018లో గుజరాత్ గిర్ అడవిలో 20కి పైగా సింహాలు చనిపోయాయి. కుక్కల్లో సాధారణంగా కనిపించే డిస్టెంపర్ వ్యాధి అందుకు ఒక కారణం. తాడోబా పులులకు దగ్గరగా బతుకుతున్న మనం ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

తాతలు నాలుగు కుక్కలుంటే చాలన్నారు నిజమే. ఆ నాలుగింటిలో ఎన్ని తిరిగి ఇంటికొచ్చేవో కూడా వాళ్ళకు తెలుసు. వేట పోయింది, పోవలసిందే. కాళికి మణలేరుడు తీర్చిన బాకీ మాత్రం మనకూ ఉంది. మనం శిల వేయనక్కరలేదు. వేళకు ఇంత ముద్ద, ఏడాదికోసారి టీకా, ఎండలో ఇంత నీడ చాలు.