నెలసరి పరిశుభ్రత: భారతదేశంలో చరిత్ర

నెలసరి రోజుల్లో వాడే గుడ్డలు, ప్యాడ్లు, కప్పులు, వాటిని మార్చుకోవడానికి మరుగు, నీటి వసతి, వాడినవాటిని పారవేసే ఏర్పాటు, వీటిపై అవగాహన, అన్నీ కలిపి నెలసరి పరిశుభ్రత. భారతదేశంలో ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమాల్లో దీనికి విడిగా చోటు దక్కింది ఇరవై ఒకటో శతాబ్దంలోనే.

రజస్వల మూడు రాత్రులు వేరుగా ఉండి నాలుగో రోజు స్నానం చేయాలని ధర్మశాస్త్రాలు విధించాయి. శతాబ్దాల పాటు ఆ ఆచారం పెద్దగా మారలేదు. అస్సాంలోని కామాఖ్య ఆలయంలో మాత్రం ఏటా అంబుబాచి పేరిట అమ్మవారి రుతుకాలమే ఉత్సవం: మూడు రోజులు గుడి మూసి, నాలుగో రోజు తెరుస్తారు. తెలుగు ఇళ్లలో ఆడపిల్ల పెద్దమనిషి అయితే చాప మీద కూర్చోబెట్టి, చిమ్మిలి తినిపించి, పేరంటాళ్లను పిలిచి వేడుక చేసేవారు. మరుసటి నెల అదే పిల్ల బయట చేరితే వంటింటి గడప తొక్కనిచ్చేవారు కాదు.

పందొమ్మిదో శతాబ్దపు సంస్కర్తలు రజస్వల కాకముందే పెళ్లి చేసే ఆచారం మీద పోరాడారు. 1891 నాటి చట్టం సమ్మతి వయసును 10 నుంచి 12 ఏళ్లకు పెంచింది. 1929లో వచ్చిన శారదా చట్టం ఆడపిల్లల పెళ్లి వయసును 14గా నిర్ణయించింది. ఆడపిల్ల ఒంటి గురించి పత్రికల్లో, సభల్లో అంత చర్చ జరిగినా, ఆమె వాడే గుడ్డ ఊసు ఎవరూ ఎత్తలేదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో గాయాల కట్లకు వాడిన సెల్యులోజ్ దూదితో అమెరికాలో 1920ల మొదట్లో కోటెక్స్ ప్యాడ్లు వచ్చాయి. భారతదేశంలో ఇటువంటి సరుకు చాలాకాలం పట్టణాల్లో, ఉన్నవారి ఇళ్లలోనే కనిపించింది. ఇక ఉద్యోగాల విషయానికొస్తే, బిహార్ ప్రభుత్వం 1992లో తన మహిళా ఉద్యోగులకు నెలసరి కోసం నెలకు రెండు రోజుల ప్రత్యేక సెలవు ఇచ్చింది. దేశంలో ఇది చాలా ముందుగా పడిన అడుగు.

గ్రామాల్లో మార్పునకు కోయంబత్తూరుకు చెందిన అరుణాచలం మురుగనాథం కృషి ముఖ్యమైనది. తండ్రి పోవడంతో బడి మానేసిన ఆయన వర్క్‌షాపులో వెల్డింగ్ పని చేసేవారు. 1998లో పెళ్లయిన కొత్తలో భార్య శాంతి పాత గుడ్డలు దాచుకోవడం గమనించారు. ప్యాడ్లు కొంటే ఇంటి పాల ఖర్చుకు ఇబ్బందని ఆమె చెప్పడంతో, మామూలు దూదితో తానే తయారుచేసి చూశారు. అవి పనికిరాలేదు. వాడి చూసి చెప్పేందుకు ఆడవాళ్లు ముందుకు రాకపోవడంతో ఫుట్‌బాల్ బ్లాడర్‌లో మేక రక్తం నింపి ఒంటికి కట్టుకుని తిరిగారు. ఊరు వెలివేసినంత పని చేసింది. భార్య, ఆ తర్వాత తల్లి ఇల్లు విడిచి వెళ్లారు. కంపెనీ ప్యాడ్లలో ఉన్నది చెట్ల కలప నుంచి తీసిన సెల్యులోజ్ అని తెలుసుకోవడానికే ఆయనకు రెండేళ్లకు పైగా పట్టింది. ఆ సెల్యులోజ్ గుజ్జును పొడి చేయడం, అచ్చులో అదమడం, పైపొర చుట్టి అతికించడం, అతినీలలోహిత కాంతితో శుద్ధి చేయడం: ఈ పనులన్నిటికీ చిన్న యంత్రాలు రూపొందించారు. విదేశీ యంత్రం ధర కోట్లలో ఉండగా ఆయనది సుమారు 65,000 రూపాయలు. కంపెనీలకు అమ్ముకోక స్వయం సహాయక సంఘాలకు ఇవ్వడం ఆయన చేసిన మేలైన నిర్ణయం. ప్యాడ్ వాడవలసిన ఊరి ఆడవాళ్లే దాన్ని తయారుచేసి, తోటివారికి నచ్చజెప్పి అమ్మి, నాలుగు రూపాయలు కళ్లజూశారు. కొట్లో మగవాడిని అడగాల్సిన ఇబ్బందీ తప్పింది. శాంతి తిరిగి వచ్చారు. 2016లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఆయన యంత్రం పెట్టుకున్న ఉత్తరప్రదేశ్ గ్రామ మహిళలపై తీసిన లఘు డాక్యుమెంటరీ 2019లో ఆస్కార్ గెలిచింది.

కేంద్రం 2011లో గ్రామీణ ప్రాంతాల 10–19 ఏళ్ల అమ్మాయిలకు ఆరు ప్యాడ్ల ప్యాకెట్‌ను 6 రూపాయలకు ఆశా కార్యకర్తల ద్వారా అమ్మించింది. 2017 జులైలో ప్యాడ్లపై 12 శాతం జీఎస్టీ పడింది. విమర్శల తర్వాత ఏడాదికి రద్దయింది. ఆంధ్రప్రదేశ్ 2021 అక్టోబరులో స్వేచ్ఛ కార్యక్రమం ప్రారంభించి, ప్రభుత్వ విద్యాసంస్థల్లో 7 నుంచి 12 తరగతుల అమ్మాయిలకు నెలకు పది ప్యాడ్లు ఉచితంగా ఇచ్చింది. దేశం మొత్తమ్మీద 15–24 ఏళ్ల స్త్రీలలో పరిశుభ్రమైన పద్ధతులు పాటించేవారు 2015–16లో 57.6 శాతం ఉండగా 2019–21 నాటికి 77.3 శాతానికి చేరారు. పల్లెల్లో ఇది 72.3 శాతం.

వాడకం పెరిగేసరికి చెత్త సమస్య వచ్చిపడింది. 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు ప్యాడ్‌తోపాటు పారవేసే సంచి ఇవ్వాలని తయారీదార్లను ఆదేశించాయి. కేరళలో ఎర్నాకుళం జిల్లా కుంబళంగి గ్రామం కప్పులు పంచి, 2022 జనవరిలో దేశంలో తొలి ప్యాడ్‌రహిత గ్రామంగా ప్రకటితమైంది.