నల్ల పొగ పట్టిచ్చిన దొంగ

1940 వేసవిలో ఇంగ్లండు మీద ఆకాశయుద్ధం నడుస్తోంది. బ్రిటిష్ యుద్ధవిమానాలు స్పిట్‌ఫైర్, హరికేన్ నడిపే పైలట్లందరిదీ ఒకటే ఫిర్యాదు. ముందున్న జర్మన్ మెసర్‌ష్మిట్ 109 ఉన్నట్టుండి ముక్కు వంచి కిందికి దూకేస్తుంది. వెంటబడి వీళ్లూ అలాగే దూకితే ఇంజన్ మిస్సింగ్ కొట్టి ఆగినంత పని చేస్తుంది. అది మళ్లీ అందుకునే లోపు శత్రువు చేజారిపోతాడు.

స్పిట్‌ఫైర్, హరికేన్ రెండింటిలోనూ ఉన్నది 27 లీటర్ల రోల్స్‌రాయిస్ మెర్లిన్ ఇంజన్. మామూలుగా ఎగిరేటప్పుడు దానికి వంక పెట్టేందుకేమీ లేదు. మరి దూకేటప్పుడే ఎందుకీ తడబాటు?

మొదటి ఆనవాలు పైలట్ల ఉపాయంలోనే ఉంది. విమానాన్ని సగం దొర్లించి, తలకిందులు చేసి, అప్పుడు కిందికి లాగితే ఇంజన్ ఆగదు. రెండు పద్ధతుల్లోనూ విమానం దూకేది కిందికే. తేడా బరువు లాగే దిక్కులో ఉంది. ముక్కు హఠాత్తుగా వంచితే పైలట్ సీట్లోంచి పైకి లేస్తాడు, బెల్టు ఆపుతుంది. ఆయనతోపాటు పెట్రోలూ పైకి లేస్తుంది. దొర్లించి లాగితే మనిషీ పెట్రోలూ అడుగుకే అదిమినట్టు ఉంటాయి.

రెండో ఆనవాలు శత్రువు దగ్గరుంది. మెసర్‌ష్మిట్‌లోని డైమ్లర్-బెంజ్ 601 ఇంజన్‌కు గాలీ పెట్రోలూ కలిపే కార్బ్యురేటరే లేదు. పెట్రోలు నేరుగా సిలిండర్లలోకి ఇంజెక్ట్ అవుతుంది. దాంతో అనుమానం మెర్లిన్‌లోని ఎస్.యు. కార్బ్యురేటర్ మీదికి మళ్లింది. అయితే దాన్ని పెట్టడానికీ కారణముంది. గాలిని ఒత్తి ఇంజన్‌లోకి పంపే సూపర్‌ఛార్జర్‌కు ముందే కలిసే పెట్రోలు ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తుంది. చల్లబడిన గాలి చిక్కబడి, శక్తి పెరుగుతుంది.

పెట్రోలు పైకి ఎగిరి, దాన్ని ఇంజన్‌కు వదిలే కార్బ్యురేటర్ జెట్లకు అందడం లేదన్నది సహజంగా తోచే జవాబు. అది నిజమే కానీ సగమే. క్షణంపాటు ఉండే ఆ మొదటి తడబాటు వెనకే అంతకంటే పెద్దది వస్తోంది, దాంతోపాటే ఎగ్జాస్టులోంచి నల్ల పొగ. పెట్రోలు అందని ఇంజన్ నల్ల పొగ కక్కదు. మూడో ఆనవాలైన ఈ పొగే గుట్టు విప్పింది. ఇంజన్ ముందు ఎండి, ఆ వెంటనే పెట్రోల్లో మునుగుతోంది.

అదెలా? ఇంటిమీద నీళ్ల ట్యాంకులో బంతి తేలి కుళాయి కట్టేసినట్టే, కార్బ్యురేటర్‌లో ఫ్లోట్ లేచి నీడిల్ వాల్వును మూస్తుంది. బరువు తిరగబడితే పెట్రోలు పై మూతకు అంటుకుంటుంది, ఫ్లోట్ అడుగుకు పోతుంది, వాల్వు బార్లా తెరుచుకుంటుంది. ఇంజన్‌కు కావలసినదానికంటే చాలా ఎక్కువ తోడగల పంపు తన పూర్తి జోరుతో ఛాంబర్‌ను నింపేస్తుంది.

ఫార్న్‌బరోలోని రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఎస్టాబ్లిష్‌మెంట్ ఇంజనీరు బియట్రిస్ షిల్లింగ్ ఈ వరదకే అడ్డుకట్ట వేశారు. బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద గంటకు 100 మైళ్లు దాటించి మోటార్‌సైకిల్ నడిపిన మనిషి ఆమె. ఆమె తయారుచేసింది నడుమ రంధ్రమున్న చిన్న లోహపు బిళ్ల. పూర్తి శక్తిలో ఇంజన్ ఎంత తాగుతుందో అంతే పెట్రోలు పోనిచ్చే రంధ్రమది. పెట్రోలు లైనులో బిగిస్తే చాలు, విమానాన్ని కొలువు మాన్పించనక్కర్లేదు. 1941 మార్చికల్లా బ్రిటిష్ వైమానికదళంలోని ఫైటర్ కమాండ్ విమానాలకు ఇవి అమరాయి. తలకిందులుగా అదేపనిగా ఎగరడానికి ఇది చాలదు. అందుకు 1943లో ప్రెషర్ కార్బ్యురేటర్ రావలసి వచ్చింది. కానీ ప్రాణాలు పోతున్న వేళ అక్కరకొచ్చింది ఆ బిళ్లే.

పాత కార్లను ప్రేమించేవాళ్లు ఈ కథను గుర్తుంచుకోవాలి. మన అంబాసిడర్‌కూ చాలా ఏళ్లు ఎస్.యు. కార్బ్యురేటరే ఉండేది. యాక్సిలరేటర్ తొక్కగానే బండి ఎత్తుకోకపోతే స్క్రూల జోలికి పోకముందే ఒక్క ప్రశ్న వేసుకోవాలి: పెట్రోలు చాలడం లేదా, ఎక్కువవుతోందా? నల్ల పొగ, పచ్చి పెట్రోలు వాసన ఉంటే ఫ్లోట్, నీడిల్ వాల్వు చూడాలి. పొగ లేకుండా గుక్క పడితే జెట్, ఫిల్టర్, డ్యాంపర్‌లో ఆయిల్ చూడాలి. ఆ ఆయిల్ తగ్గితే కార్బ్యురేటర్‌లోని పిస్టన్ తొందరగా లేచి మిశ్రమం పలచబడుతుంది. సీట్లో కూర్చున్నవాళ్లకు రెండు జబ్బులూ ఒకేలా తోస్తాయి, మందులు మాత్రం పూర్తిగా ఎదురు. అందుకే స్క్రూడ్రైవర్ అందుకునే ముందు సైలెన్సర్ వైపు చూడాలి.