విద్యార్థి సంఘాల ఎన్నికలు – భద్రత: లింగ్డో కమిటీ దృక్పథం

కేరళ విశ్వవిద్యాలయానికి సంబంధించిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఆదేశం మేరకు ఏర్పడిన జె.ఎం. లింగ్డో కమిటీ 2006లో నివేదిక సమర్పించింది. విద్యార్థి సంఘాల ఎన్నికలలో హింసను, ధనప్రభావాన్ని అరికట్టడానికి ఎన్నికల రద్దును గాక నియమబద్ధతను అది మార్గంగా ఎంచుకొంది. అభ్యర్థి వ్యయాన్ని 5,000 రూపాయలకు పరిమితం చేసింది. ముద్రిత ప్రచారపత్రాలను నిషేధించింది. కనీసం 75 శాతం హాజరును, నేరచరిత్ర లేకపోవడాన్ని అర్హతలుగా నిర్ణయించింది. అదే ఏడాది సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు ఈ సిఫారసుల అమలుకు ఆదేశించింది.

ప్రశాంత వాతావరణం లేని ప్రాంగణాలలో ప్రతినిధుల నామినేషన్‌ను కమిటీ అనుమతించింది. అయితే అది తాత్కాలికం. అయిదేళ్లలో ఎన్నికల పద్ధతికి మారాలన్నది నిబంధన. కనుక భద్రత పేరిట ఎన్నికలను నిరవధికంగా నిలిపివేయడానికి ఈ నివేదికను ఆధారంగా చూపడం దాని ఉద్దేశానికి విరుద్ధం.