రసాయన సమీకరణము: లవోయిజర్ తూనిక నుండి నల్లగొండ నీటి వరకు

నీటిలోని ఫ్లోరైడును తొలగించడాన్ని గురించి ఏ దేశములో వెలువడిన గ్రంథాన్ని తిరగవేసినా, అందులో "నల్లగొండ పద్ధతి" అనే మాట సాధారణముగా కనిపిస్తుంది. ఆఫ్రికాలోని టాంజానియాలో సహితము ఆ పేరుతోనే దానిని వాడి చూశారు. పటిక, సున్నము - ఈ రెండే దానికి ముఖ్య సాధనాలు. ఇవి పల్లెటూళ్ళలో ఎవరికీ కొత్తవి కావు. ఐతే ఎంత నీటికి ఎంత పటిక, ఎంత సున్నము అన్న ప్రశ్నకు సమాధానము రసాయన సమీకరణము దగ్గర మొదలవుతుంది. ఉన్నత పాఠశాల విద్యార్థి ఆ సమీకరణాన్ని అంకెలు సరిపెట్టే ఆటగా తలచి, పరీక్ష కోసము కంఠస్థము చేస్తాడు. నిజానికది ఆట కాదు. పదార్థముల రాకపోకలకు వ్రాసిన జమాఖర్చు పద్దు. ఆ పద్దు ఎట్లా పుట్టినదో, నల్లగొండ నీటి విషయములో అది ఏమి చెప్పగలిగినదో, ఏమి చెప్పలేకపోయినదో ఈ వ్యాసములో చూద్దాము.

తూనికతో మొదలు

రసాయనిక మార్పును కాగితముపై రేఖలతో చూపిన తొలి ప్రయత్నములలో ఫ్రెంచి దేశీయుడైన జాన్ బెగ్విన్ 1615లో గీసిన పటము ప్రసిద్ధమైనది. ఏ పదార్థములోని ఏ భాగము ఎక్కడికి పోయినదో ఆ పటము చూపించినది. కాని అందులో తూకముల పొందిక లేదు. ఆ పొందికను తెచ్చినవాడు లవోయిజర్. ఆయన పారిస్‌లో ప్రభుత్వము తరఫున పన్నులు వసూలు చేసే సంస్థలో భాగస్థుడు. లెక్కల పుస్తకము ఆయనకు నిత్యవ్యవహారము. మూసిన పాత్రలలో పదార్థములను వేడిచేసి, ముందూ వెనుకా తూచి, మార్పులో పదార్థము పుట్టదు, నశించదు అని ఆయన స్థాపించాడు. 1789లో వెలువడిన తన రసాయనశాస్త్ర గ్రంథములో ద్రాక్షరసము పులియడాన్ని వివరిస్తూ, ఒక ప్రక్క ద్రాక్షరసమును, మరొక ప్రక్క దాని నుండి వచ్చిన కార్బానిక్ ఆమ్లమును, ఆల్కహాలును ఉంచి, మధ్య సమాన చిహ్నము వేశాడు. బీజగణితములోని "సమీకరణము" అనే భావము రసాయనశాస్త్రములో ప్రవేశించినది ఈ విధముగానే.

ఆ సమానత్వము తూకములకు సంబంధించినది. లోపల ఏమి జరుగుతున్నదో దానివల్ల తెలియదు. 1808లో డాల్టన్ తన పరమాణు సిద్ధాంతాన్ని గ్రంథరూపములో ప్రకటించి, ఒక్కొక్క మూలకానికి ఒక్కొక్క గుండ్రని గుర్తు కల్పించాడు. చుక్క పెట్టిన వలయము హైడ్రోజను. ఖాళీ వలయము ఆక్సిజను. ఈ గుర్తులను అచ్చువేయడము కష్టము, గుర్తుంచుకోవడము ఇంకా కష్టము. స్వీడను దేశీయుడైన బెర్జీలియస్ 1813, 1814 సంవత్సరములలో మూలకముల లాటిను పేర్లలోని అక్షరములనే సంకేతములుగా ప్రతిపాదించాడు. డాల్టనుకు ఈ అక్షరాలు నచ్చలేదు. కాని లోకము వాటినే స్వీకరించినది.

అంకెల తగాదా

సంకేతములు కుదిరినా అంకెలు కుదరలేదు. నీటిలో తూకము ప్రకారము ఒక పాలు హైడ్రోజనుకు ఎనిమిది పాళ్ళు ఆక్సిజను ఉంటుంది. నీటి అణువులో ఒక హైడ్రోజను, ఒక ఆక్సిజను ఉన్నవని డాల్టను అనుకున్నాడు. ఆ లెక్కన ఆక్సిజను పరమాణు భారము 8 కావాలి. హైడ్రోజనులు రెండైతే అది 16 అవుతుంది. తూకము ఒకటే, దానిని చదివే తీరు రెండు రకములు.

ఈ చిక్కును విప్పడానికి కావలసిన సాక్ష్యము అప్పటికే దొరికినది. రెండు ఘనపరిమాణముల హైడ్రోజను, ఒక ఘనపరిమాణము ఆక్సిజనుతో కలిసి రెండు ఘనపరిమాణముల నీటి ఆవిరి అవుతుందని గేలుసాక్ ప్రయోగములు చూపినవి. ఒక వంతు ఆక్సిజను నుండి రెండు వంతుల ఆవిరి రావలెనంటే ఆక్సిజను కణము రెండుగా చీలక తప్పదు. అనగా ఆక్సిజను అణువులో రెండు పరమాణువులున్నవి. 1811లో అవొగాడ్రో చెప్పినది ఇదే. దాదాపు అర్ధశతాబ్దము దానిని పట్టించుకున్నవారు తక్కువ. 1858లో కానిజారో ఆ భావాన్ని పునరుద్ధరించి, 1860లో జర్మనీలోని కార్ల్స్‌రూహె నగరములో జరిగిన రసాయనశాస్త్రజ్ఞుల సమావేశములో దాని కోసము వాదించాడు. పిమ్మట పరమాణు భారములు స్థిరపడినవి. నేడు మన విద్యార్థి అర నిమిషములో వ్రాసే పద్దు ఇది:

2 హైడ్రోజను అణువులు + 1 ఆక్సిజను అణువు → 2 నీటి అణువులు

ఇక్కడ రెండు రకముల అంకెలున్న సంగతి గమనించాలి. సంకేతము పాదాన ఉండే చిన్న అంకె అణువులో ఎన్ని పరమాణువులున్నవో చెబుతుంది. అంకెను ఇట్లు పాదాన వ్రాయడము 1834లో లీబిగ్‌తో వ్యాప్తిలోకి వచ్చినది. ముందు వ్రాసే అంకె ఎన్ని అణువులో చెబుతుంది. తుల్యము చేసేటప్పుడు మార్చదగినది ముందున్న అంకె మాత్రమే. పాదాన ఉన్న అంకెను మార్చితే పదార్థమే మారిపోతుంది. నీటి సంకేతములో ఆక్సిజను క్రింద 2 చేర్చినచో అది నీరు కాదు. 1818లో తెనార్ కనుగొన్న హైడ్రోజను పెరాక్సైడు. లెక్క కుదిరినది కదా అని ఎదుటివాని ఖాతాలో సరుకు పేరు మార్చి వ్రాసే గుమాస్తా ఎంత నమ్మదగినవాడో, పాదాంకెను మార్చే విద్యార్థి కూడా అంతే.

తెలుగునాట

ఈ శాస్త్రాన్ని తెలుగులో చెప్పడానికి జరిగిన తొలి ప్రయత్నములలో ముఖ్యమైన దానికి నల్లగొండ సీమతో సంబంధమున్నది. 1906లో హైదరాబాదులో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించినవారిలో ప్రముఖుడు కొమర్రాజు లక్ష్మణరావు. ఆయన మునగాల సంస్థానములో దివానుగా ఉండేవారు. నిజాం రాజ్యము నడుమ చిక్కుకొని, కృష్ణా జిల్లాకు చెందిన ఆ సంస్థానపు భూములు నేడు సూర్యాపేట జిల్లాలో ఉన్నవి. మండలి ప్రచురణలలో వేమూరి విశ్వనాథశర్మ రచించిన రసాయనశాస్త్రము ఒకటి. ఇక నిజాం రాజ్యములో 1918లో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయములో బోధన ఉర్దూలో సాగినది. నల్లగొండ, మహబూబ్‌నగరు నుండి అక్కడికి వెళ్ళిన తెలుగు విద్యార్థి ఉర్దూలో రసాయనము చదివాడు; కృష్ణాతీరపు విద్యార్థి ఇంగ్లీషులో చదివాడు. భాష ఏదైనా, నీరు ఏర్పడడానికి రెండు హైడ్రోజను అణువులకు ఒక ఆక్సిజను అణువు కావాలనే లెక్క మాత్రము ఒక్కటే.

రాతిలోని ఫ్లోరైడు నీటిలోకి

1937లో అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి ప్రాంతములలో ఎముకలను కొయ్యబార్చే వ్యాధికి నీటిలోని ఫ్లోరైడే కారణమని షార్ట్, ఆయన సహచరులు ప్రకటించారు. 1955లో ఎ.హెచ్. సిద్ధిఖీ నల్లగొండ జిల్లాలోని ఫ్లోరోసిస్‌ను గురించి బ్రిటిష్ మెడికల్ జర్నలులో వ్రాశారు. పళ్ళపై గోధుమరంగు చారలు, వంగని వెన్నెముక, వంకరపోయిన కాళ్ళు - దీని లక్షణములు. పాత మహబూబ్‌నగరు జిల్లా పల్లెలలోనూ ఈ పీడ ఉన్నది.

ఈ రెండు జిల్లాలలోనూ అడుగున గ్రానైటు రాయి విస్తారముగా పరచుకొని ఉన్నది. అందులో ఫ్లోరైడు గల ఖనిజములున్నవి. వాటిలో కాల్షియం ఫ్లోరైడు నీటిలో ఎంతో స్వల్పముగా మాత్రమే కరుగుతుంది. మరి అది బావిలోకి ఎట్లా చేరినది? సమీకరణము చెబుతుంది:

1 కాల్షియం ఫ్లోరైడు + 2 సోడియం బైకార్బనేటు → 1 కాల్షియం కార్బనేటు + 2 సోడియం ఫ్లోరైడు + 1 కార్బను డయాక్సైడు + 1 నీరు

రాతి సందులలో చాలకాలము నిలిచిన నీటిలో బైకార్బనేటు పేరుకుంటుంది. కాల్షియం, కార్బనేటుగా మారి నేలలో సున్నపు గడ్డలై విడిపోతుంది. జత వీడిన ఫ్లోరైడు నీటిలోనే మిగులుతుంది. త్రాగినవారి శరీరములో అది ఎముకల ఖనిజములోని హైడ్రాక్సిలు స్థానములో చేరుతుంది. పద్దులో ఒక చోట తగ్గినది మరొక చోట చేరవలసినదే కదా! రాతిలో తగ్గిన ఫ్లోరైడు మనిషి ఎముకలో జమ అయినది.

పటిక, సున్నము

నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థకు చెందిన నవ్‌లఖే, కులకర్ణి, పాఠక్, బులుసు అనే శాస్త్రజ్ఞులు 1975లో నల్లగొండ పద్ధతిని ప్రకటించారు. నీటిలో సున్నము, పటిక, క్రిములను చంపడానికి బ్లీచింగు పొడి వేసి, మొదట వేగముగా, తరువాత నెమ్మదిగా కలుపుతారు. దూదిపింజల వంటి తెల్లని తునకలు ఏర్పడి అడుగుకు దిగుతాయి. పై నీటిని వడగట్టి వాడుకుంటారు. ఇంటిలో బకెట్టుతోనూ, ఊరికి పెద్ద తొట్లతోనూ ఈ పని చేయవచ్చు.

నీటి శుద్ధికి వాడే పటిక అల్యూమినియం సల్ఫేటు. దాని ఒక ప్రమాణములో 2 అల్యూమినియములు, 3 సల్ఫేటులు ఉన్నవి. 3 సల్ఫేటులకు 3 కాల్షియములు కావాలి. కనుక సున్నము ముందు 3 వేయాలి. 3 సున్నములలో 6 హైడ్రాక్సిలు లుంటాయి. ఒక్కొక్క అల్యూమినియము మూడింటిని తీసుకుంటుంది. లెక్క సరిపోయినది:

1 అల్యూమినియం సల్ఫేటు + 3 కాల్షియం హైడ్రాక్సైడు → 2 అల్యూమినియం హైడ్రాక్సైడు + 3 కాల్షియం సల్ఫేటు

తూకము కూడా చూద్దాము. ఎడమ ప్రక్క 342, 222, మొత్తము 564. కుడి ప్రక్క 156, 408, మొత్తము 564. స్ఫటిక జలము 18 అణువులతో కలిపితే పటిక భారము 666. అంటే 666 పాళ్ళ పటికకు 222 పాళ్ళ తడిసున్నము, సరిగ్గా మూడవ వంతు కావాలి.

కాని నల్లగొండ పద్ధతిలో వేసే సున్నము పటికలో సుమారు ఇరవయ్యవ వంతు మాత్రమే! మిగిలిన దానిని ఎవరు సమకూర్చారు? పద్దు కుదరకపోతే లెక్కలోకి రాని జమ ఒకటి ఉన్నదని అర్థము. ఆ జమ నల్లగొండ నీటిలోనే ఉన్నది, అదే బైకార్బనేటు. రాతి నుండి ఫ్లోరైడును విడదీసిన ఆ పదార్థమే ఇప్పుడు పటికతో కలిసి ఫ్లోరైడును పట్టే తునకలను తయారుచేస్తున్నది. అందుచేతనే ఈ పద్ధతిలో పటిక మోతాదును నిర్ణయించేటప్పుడు ఫ్లోరైడుతో పాటు నీటి క్షారతను కూడా కొలుస్తారు.

సమీకరణపు హద్దు

ఇంకొక లెక్క వేద్దాము. పటిక ఒక ప్రమాణములోని 2 అల్యూమినియములు 6 ఫ్లోరైడులతో కలిసి అల్యూమినియం ఫ్లోరైడు అవుతాయనుకుంటే, 666 పాళ్ళ పటిక 114 పాళ్ళ ఫ్లోరైడును తొలగించాలి. అనగా 1 మిల్లీగ్రాము ఫ్లోరైడుకు సుమారు 6 మిల్లీగ్రాముల పటిక చాలు. ఆచరణలో కొద్ది మిల్లీగ్రాముల ఫ్లోరైడు గల లీటరు నీటికి వందల మిల్లీగ్రాముల పటిక కావలసివస్తుంది. ఎందుచేతనంటే పటిక ముందు హైడ్రాక్సైడు తునకలుగా మారుతుంది; ఫ్లోరైడు వాటిని అంటుకొని దిగుతుంది. ఈ అంటుకొనుటకు పూర్ణాంకముల నిష్పత్తి లేదు. కావున శాస్త్రజ్ఞులు మోతాదులను ప్రయోగము చేసి పట్టికలుగా కూర్చారు. సమీకరణము తప్పు కాదు. అది ఏ మార్పుకు వ్రాసినదో ఆ మార్పును గురించి మాత్రమే చెబుతుంది.

ఇంతకూ తొలగిన ఫ్లోరైడు ఏమైనది? నశించలేదు; అడుగున చేరిన మడ్డిలో ఉన్నది. ఆ మడ్డిని తిరిగి బావి ప్రక్కనే పారబోసినచో పద్దు మళ్ళీ మొదటికి రావచ్చును. మడ్డిని సురక్షితముగా వదిలించుకోవడము, నీటిలో పెరిగే సల్ఫేటు, మిగిలిపోయే అల్యూమినియము - ఈ పద్ధతికి ఎదురైన చిక్కులన్నీ సమీకరణపు కుడి ప్రక్కన ఉన్నవే. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ వంటి పథకములు వేరొక మార్గము పట్టి, కృష్ణా, గోదావరి జలములను గొట్టముల ద్వారా ఊళ్ళకు చేర్చినవి. అయినా బోరునీరు త్రాగే చోట లీటరుకు ఫ్లోరైడు 1 మిల్లీగ్రామును మించకుండా చూసుకోవాలని, వేరే నీరు దొరకనిచోట సైతము 1.5 దాటరాదని భారత ప్రమాణము చెబుతున్నది.

ఉపాధ్యాయులు సమీకరణమును నల్లబల్లపై తుల్యము చేయించిన పిమ్మట విద్యార్థులను మూడు ప్రశ్నలు అడగవచ్చు: ఈ పదార్థము ఎక్కడ నుండి వచ్చినది? ఎంత కావాలి? చివరకు ఎక్కడికి పోయినది? అభ్యాసమునకు ఇది చూడండి. అల్యూమినియం సల్ఫేటు, సోడియం బైకార్బనేటు కలిసి అల్యూమినియం హైడ్రాక్సైడు, సోడియం సల్ఫేటు, కార్బను డయాక్సైడు అవుతాయి. ముందు వ్రాయవలసిన అంకెలను విద్యార్థులే కనిపెట్టాలి. ఎడమ ప్రక్క 342, 504. కుడి ప్రక్క 156, 426, 264 వచ్చినచో వారి పద్దు సరి అయినట్లే.