కరువు కాలువ చెప్పే పాఠం: కొలతకూ కోరికకూ నడుమ మన భోజనం

నెల్లూరు జిల్లా తీరం వెంట సముద్రానికి సమాంతరంగా సాగే బకింగ్‌హాం కాలువను మీలో చాలామంది చూసే ఉంటారు. ఒకప్పుడు ఉప్పూ ధాన్యమూ కట్టెలూ పడవల మీద మద్రాసుకు చేరిన దారి అది. నేడు చాలాచోట్ల పూడిపోయి ఉన్న ఆ కాలువకు రవాణా చరిత్రతో పాటు ఆహార చరిత్ర కూడా ఉంది. మనిషికి రోజుకు ఎంత తిండి చాలుతుందన్న ప్రశ్న మీద మన దేశంలో జరిగిన తొలి పెద్ద వాదాలలో ఒకటి, ఇటువంటి కరువు పనులలో మట్టి మోసిన కూలీల ఆకలి చుట్టూనే నడిచింది.

ఈ పాత కథ ఇప్పుడెందుకని మీరు అడగవచ్చు. పిండిపదార్థాలు ఇన్ని గ్రాములు, మాంసకృత్తులు ఇన్ని, కొవ్వు ఇంత అని ముందే లెక్క వేసుకొని తినేవారు ఈనాడు మన పల్లెలలోనూ కనిపిస్తున్నారు. మధుమేహం వచ్చినవారికి ఆ లెక్క తప్పనిసరి కూడా. వారందరికీ ఎదురయ్యే చిక్కు ఒక్కటే. కాగితం మీద లెక్క సరిపోతుంది, నోరు మాత్రం ఊరుకోదు. అప్పుడు లెక్కను నమ్మాలా, నోటిని నమ్మాలా? నూట యాభై ఏళ్ళ మన తీరప్రాంత చరిత్రలో ఈ రెండింటినీ విడివిడిగా నమ్మి చూసిన సందర్భాలు ఉన్నాయి. వాటిని వరుసగా పరిశీలిద్దాం.

ఒక పౌను గింజలు

1876లో వానలు ముఖం చాటేశాయి. 1878 వరకు సాగిన ఆ కరువులో మద్రాసు రాజధానిలోని జిల్లాలెన్నో అల్లాడిపోయాయి. నెల్లూరు జిల్లా వాటిలో ఒకటి. ఒంగోలు, కందుకూరు ప్రాంతాలు కూడా అప్పట్లో ఈ జిల్లాలోనివే. దక్షిణాదిన బ్రిటిష్ ఏలుబడిలో ఉన్న ప్రాంతాలలోనే యాభై లక్షలమందికి పైగా చనిపోయారని అంచనా. ప్రభుత్వం కరువు పనులు తెరిచింది. తీరం వెంట కాలువ తవ్వకం అటువంటి పనులలో ఒకటి. ఒంగోలులో ఉన్న అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ, ఆకలితో ఉన్నవారికి పని దొరకాలని, కాలువలో కొన్ని మైళ్ళ తవ్వకాన్ని స్వయంగా గుత్తకు తీసుకున్నారు. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూక్ పేరే ఆ కాలువకు నిలిచిపోయింది.

1877 జనవరిలో రాజప్రతినిధి లిట్టన్ పంపగా సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసుకు వచ్చారు. 1874 నాటి బీహారు కరువులో ఆయన ధారాళంగా ఖర్చుపెట్టి ప్రాణాలు కాపాడారు. అందుకు మెప్పు రాకపోగా దుబారా మనిషన్న నింద మిగిలింది. ఈసారి పొదుపు చూపదలచారు. పనిచేసే మగవానికి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల గింజలూ ఒక అణా డబ్బూ చాలునని నిర్ణయించారు. ఆడవారికీ పిల్లలకూ అంతకన్న తక్కువ. చరిత్రలో దీనికి 'టెంపుల్ కూలి' అన్న పేరు నిలిచింది.

దీనిని ఎదిరించినవారు మద్రాసు రాజధాని పారిశుద్ధ్య కమిషనరు, వైద్యుడు డబ్ల్యూ. ఆర్. కార్నిష్. ఈ రాజధాని ప్రజలు ఏమేమి తింటారో, జైళ్ళలో ఖైదీలకు ఏమి పెడతారో విచారించి ఆయన 1863లోనే ఒక నివేదిక కూర్చి ఉన్నారు. కాబట్టి కూలివాని పళ్ళెం ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. బరువు పని చేసేవానికి కనీసం ఒకటిన్నర పౌను, అంటే 680 గ్రాముల గింజలు కావాలనీ, వాటితో పాటు పప్పూ కూరగాయలూ ఉండాలనీ ఆయన పట్టుబట్టారు. గింజ ఒక్కటే పెడితే కండ నిలవదని ఆయన వాదం. కొద్ది నెలలకే మద్రాసు ప్రభుత్వం కొంత దిగివచ్చి, 570 గ్రాముల గింజలకు 43 గ్రాముల పప్పు చేర్చింది.

నేటి లెక్కల్లో చూస్తే కార్నిష్ వాదంలోని బలం మీకే తెలుస్తుంది. 450 గ్రాముల బియ్యంలో సుమారు 1,600 కాలరీలూ, 30 నుంచి 35 గ్రాముల మాంసకృత్తులూ ఉంటాయి. 65 కిలోల మగవాడు బరువు పని చేస్తే రోజుకు 3,470 కాలరీలు కావాలని జాతీయ పోషకాహార సంస్థ 2020లో లెక్కగట్టింది. ఆనాటి కూలీల శరీరాలు అంత బరువు ఉండి ఉండవనుకున్నా, అవసరానికీ కూలికీ నడుమ ఉన్న అగాధం పూడేది కాదు. కరువు ధరల్లో అణా కూడా ఎంతో దూరం వచ్చేది కాదు.

ఇక్కడ మరొక ప్రయోగాన్ని గుర్తుచేసుకోవాలి. 1945లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, ఆరోగ్యవంతులైన 36 మంది యువకులకు వారి సమ్మతితోనే 24 వారాలపాటు రోజుకు దాదాపు 1,570 కాలరీల ఆహారమే ఇచ్చారు. వారి బరువు సుమారు నాలుగో వంతు తగ్గింది. అంతకన్న విచిత్రం, వారి ధ్యాసంతా తిండి మీదికే పోయింది. వంటల పుస్తకాలు చదవడం, ప్రతి మెతుకునూ సాగదీసి తినడం, తిండిని గురించే మాట్లాడుకోవడం వారికి నిత్యకృత్యమైంది. వారేమీ సంయమనం లేనివారు కారు. శరీరం తనకు తక్కువైన దానిని మనసు చేత అడిగించింది. కాబట్టి మితిమీరి తగ్గించిన కొలతతో బరువు తగ్గాలని చూసేవారు, రాత్రి పదింటికి వంటింట్లో డబ్బాలు వెతుక్కుంటుంటే దానిని బలహీనత అనుకోనక్కరలేదు. ఆ కొలతే తప్పై ఉండవచ్చు.

తెల్లని బియ్యం మీద మోజు

అయితే నోరు కోరిందల్లా ఒంటికి మేలేనా? ఈ ప్రశ్నకు కూడా మన కోస్తాయే జవాబు చెప్పింది.

రోకలి దంపుడు పోయి మరలు వచ్చాక బియ్యం మల్లెపువ్వులా తెల్లబడింది. తవుడు పోయిన బియ్యం మెత్తగా ఉడుకుతుంది, రుచిగా ఉంటుంది, కంటికి ఇంపు. జనం దానినే కోరుకున్నారు. ఉత్తర సర్కారులుగా పేరుపడిన తెలుగు తీర జిల్లాలలో ఉప్పుడు బియ్యం కన్న మరపట్టిన పచ్చి బియ్యానికే మొగ్గు ఎక్కువ. ఫలితంగా అక్కడ బెరిబెరి పాతుకుపోయింది. కాళ్ళు మొద్దుబారడం, నీరు పట్టడం, చివరకు గుండె దెబ్బతినడం ఆ జబ్బు లక్షణాలు. వడ్లను నానబెట్టి ఉడికించి ఎండబెట్టి దంపినప్పుడు తవుడులోని థయమిన్ అనే విటమిన్ కొంత గింజ లోపలికి చేరుతుంది. అందుకే ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాలలో ఆ జబ్బు అంతగా కనిపించలేదు.

ఈ బెరిబెరి విచారణ కోసమే రాబర్ట్ మెకారిసన్ 1918లో కూనూరులో ఒక చిన్న ప్రయోగశాల ప్రారంభించారు. 1924లో ఆయనా నారిస్ అనే రసాయన శాస్త్రవేత్తా కలిసి, బియ్యానికీ బెరిబెరికీ గల సంబంధాన్ని వివరంగా ప్రకటించారు. ఆ ప్రయోగశాలే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థ అయింది. మన దేశపు పోషకాహార శాస్త్రానికి తల్లివేరు, మన తీరం వారు మోజుపడిన తెల్లని అన్నంలో ఉందన్నమాట.

గమనించండి, ఆ అన్నంలో కాలరీలకు లోటు లేదు. కడుపు నిండింది, నాలుక తృప్తిపడింది. లోపించినది మాత్రం నాలుకకు తెలియనిది. తెల్ల బియ్యంలో థయమిన్ తక్కువని ఏ నాలుకా చెప్పలేదు.

ఉప్పు కథ

కోరిక ఒక్కోసారి నిజమైన అవసరానికి గుర్తు. ఉప్పు విషయమే చూడండి. గింజలూ ఆకుకూరలూ ముఖ్యాహారమైనవారికి, ఎండలో చెమటోడ్చి పనిచేసేవారికి ఉప్పు అవసరం. గంజిలో ఉప్పురాయి వేసుకొని తాగిన కూలివాని నోరు తప్పు చెప్పలేదు. అటువంటి ఉప్పు మీది పన్నును మద్రాసు రాజధానిలో మణుగుకు రూపాయి పదమూడు అణాల నుంచి రెండు రూపాయల ఎనిమిది అణాలకు పెంచారు. అదీ 1878లో, కరువు గాయం ఆరకముందే. ఉప్పు పండే నెల్లూరు తీరంలోనే ఉప్పు ప్రియమైంది. 1930లో మైపాడు తీరాన సత్యాగ్రహులు ఉప్పు వండారంటే, దాని వెనుక ఇంత ఆకలి చరిత్ర ఉంది.

ఇప్పుడు కాలం మారింది. ఉప్పు చవకైంది, చెమట తగ్గింది. రోజుకు ఐదు గ్రాములు, అంటే ఒక చెంచా మించవద్దని వైద్యశాస్త్రం చెబుతున్నది. ఊరగాయ, ఎండుచేప, అప్పడం ఒకే పూట పళ్ళెంలో చేరితే ఆ హద్దు ఇట్టే దాటిపోతుంది. మన శరీరం అవసరం మారింది గాని, నాలుక అలవాటు మారలేదు. రక్తపోటు పెరగడానికి ఇదొక ముఖ్య కారణం.

కొలతా కోరికా కలిసిన చోటు

మరి దారి ఏది? 1926 ప్రాంతంలో అమెరికాలో క్లారా డేవిస్ అనే వైద్యురాలు ఒక విలక్షణ ప్రయోగం మొదలుపెట్టారు. పాలు మానే వయసులో ఉన్న పదిహేనుమంది పసివాళ్ళ ముందు పాలు, గుడ్లు, మాంసం, చేపలు, ధాన్యాలు, పండ్లు, కూరగాయలు వంటి సహజ పదార్థాలను విడివిడి గిన్నెలలో ఉంచారు. ఏది ఎంత తినాలో వారి ఇష్టం. ఒక్కొక్కరు ఒక్కో రీతిగా తిన్నారు, ఒకరోజు తిన్నది మరునాడు ముట్టలేదు. అయినా అందరూ చక్కగా పెరిగారు. రికెట్స్ ఉన్న ఒక పసివాడు తన ముందు ఉంచిన కాడ్ చేపనూనెను తానే తాగుతూ వచ్చి, జబ్బు నయమయ్యాక మానివేశాడు.

దీనిని చూసి నోటికే అంతా వదిలేయవచ్చునని మురిసిపోకండి. కిటుకు ఆ పదార్థాల పట్టికలోనే ఉందని డేవిస్ స్వయంగా స్పష్టం చేశారు. అందులో చక్కెర లేదు, మరపిండి మిఠాయిలు లేవు. ఏమేమి ముందుంచాలో పెద్దలు నిర్ణయించారు, ఎంత తినాలో పిల్లలు నిర్ణయించుకున్నారు. కొలత హద్దు గీసింది, కోరిక ఆ హద్దులో తిరిగింది.

ఇటీవలి మరో ఊహ కూడా ఇక్కడ పనికివస్తుంది. 2005లో సింప్సన్, రాబెన్‌హైమర్ అనే శాస్త్రవేత్తలు, శరీరం మాంసకృత్తుల కోటా నిండేదాకా తినమనే అడుగుతుందని ప్రతిపాదించారు. పళ్ళెంలో పిండిపదార్థమే ఎక్కువైతే, ఆ కోటా నింపడానికి మొత్తం తిండి పెరుగుతుందన్నమాట. గింజలకు పప్పు చేర్చమన్న కార్నిష్ మాటకు ఇది చాలా దగ్గరగా ఉంది.

మన పళ్ళెంలో

ఇక మన నెల్లూరు చేపల పులుసు దగ్గరికి రండి. మామిడికాయ వేసిన ఆ పులుసును మధుమేహం పేరు చెప్పి పూర్తిగా మానమంటే, పది రోజులు మానతారు, పదకొండోనాడు రెట్టింపు తింటారు. చేపలో దోషం లేదు. చిక్కంతా పులుసు వెంట దిగే అన్నంతోనే. 2024లో జాతీయ పోషకాహార సంస్థ సూచించిన 2,000 కాలరీల దినభోజనంలో ధాన్యాలు 250 గ్రాములే. అదీ పచ్చి బరువు, రోజంతటికీ కలిపి. పప్పు లేదా మాంసాహారం 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు. ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం మించకూడదని దాని సూచన. మన ఇళ్ళలో మూడు పూటలా అన్నమో ఇడ్లీయో దోసెయో తిని, నామమాత్రపు కూరతో సరిపెడితే, కడుపు నిండినా మన భోజనం టెంపుల్ కూలికి చుట్టమే.

కాబట్టి ముందుగా కూరగాయలు ఒక గిన్నెడు తినండి. చేపముక్కలు ఒకటికి రెండు వేసుకోండి. అన్నం కొలిచి వడ్డించుకోండి, పులుసు రుచిని మాత్రం వదులుకోకండి. నూనె, ఉప్పు వండేటప్పుడే తగ్గించండి. వారంలో ఏ రోజు ఇష్టమైనది తింటారో పథకంలోనే రాసుకోండి. పథకంలో చోటున్న కోరిక దొంగతిండిగా మారదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం మాంసకృత్తులు పెంచే ముందు తమ వైద్యుని అడగాలి.

కొన్ని కోరికలను వంటింట్లో కాక వైద్యుని వద్ద తీర్చుకోవాలి. పచ్చి బియ్యం, మట్టి, బలపం, మంచుగడ్డ తినాలనిపించడం తరచుగా ఇనుము లోపానికి గుర్తు. ఆడవారిలో, ముఖ్యంగా గర్భిణులలో దీనిని చాపల్యమని నవ్వి వదిలేయక రక్తపరీక్ష చేయించాలి. ఇన్సులిన్ గాని, చక్కెర తగ్గించే మాత్రలు గాని వాడేవారికి ఉన్నట్టుండి వణుకు, చెమట, విపరీతమైన ఆకలి పుడితే, రక్తంలో చక్కెర పడిపోయి ఉండవచ్చు. అప్పుడు పథకం పక్కన పెట్టి వెంటనే చక్కెర నీళ్ళో గ్లూకోజో తీసుకోవాలి.

టెంపుల్ గింజలను తూచారు, కూలివాని ఒంటిని అడగలేదు. కోస్తా జనం నాలుకను అడిగారు, గింజలో ఏముందో వారికి చెప్పేవారు లేకపోయారు. కార్నిష్ మాత్రం ముందు జనం ఏమి తింటున్నారో చూసి, ఆ తరువాత ఎంత కావాలో లెక్క వేశారు. మీరు కూడా ఒక వారంపాటు మీరు తిన్నది తిన్నట్టుగా, తినాలనిపించినది కూడా రాసి ఉంచండి. ఆ కాగితాన్ని ఎదురుగా పెట్టుకొని, అప్పుడు గ్రాముల లెక్క మొదలుపెట్టండి.