రష్యా పనికి వెళ్తున్నారా? సంతకం పెట్టే ముందు ఈ మాత్రం రష్యన్ సొంతంగా నేర్చుకోండి

గల్ఫ్‌లో కాంట్రాక్ట్ అయిపోయినవాళ్లకు, ఊళ్లో ఏజెంట్ దగ్గర పేరు రాయించుకున్నవాళ్లకు ఇప్పుడు రష్యా పేరు కూడా వినిపిస్తోంది. కన్‌స్ట్రక్షన్, ఫ్యాక్టరీ, గోడౌన్ పనులని చెబుతున్నారు. గల్ఫ్‌లో హిందీ, కాస్త అరబ్బీ, కాస్త ఇంగ్లీషుతో నెట్టుకొచ్చాం. రష్యాలో అలా కుదరదు. సైట్‌లో బోర్డు, ఫోర్‌మన్ మాట, మీ కాంట్రాక్ట్ కాగితం, అన్నీ రష్యన్‌లోనే ఉంటాయి.

భాష రాకపోతే ఎంత నష్టమో 2024లో చూశాం. హెల్పర్ పనులని నమ్మించి తీసుకెళ్లిన మన దేశస్థులు కొందరు రష్యా సైన్యంలో తేలారు. చదవలేని కాగితాల మీద సంతకం పెట్టించారని వాళ్లు చెప్పారు. హైదరాబాద్ యువకుడు ఒకరు ప్రాణం పోగొట్టుకున్నారు. ఆ మార్చిలో సీబీఐ కేసు పెట్టింది, జులైలో మాస్కో వెళ్లిన ప్రధాని మోదీ ఈ విషయాన్ని పుతిన్ దగ్గర ఎత్తారు.

ఇంకో సంగతి. ఈసీఆర్ పాస్‌పోర్టు వాళ్లకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి అయిన 18 దేశాల జాబితాలో రష్యా లేదు. అంటే గల్ఫ్‌కు వెళ్లేటప్పుడు జరిగే ఆ తనిఖీ ఇక్కడ ఉండదు. మీ కాగితం మీరే చూసుకోవాలి.

ఎంత నేర్చుకోవాలి?

"30 రోజుల్లో రష్యన్" అనే ప్రకటనలు నమ్మకండి. ఇంగ్లీషు వాళ్లు రష్యన్‌లో పట్టు సాధించడానికి సుమారు 1,100 గంటల క్లాసులు కావాలని అమెరికా విదేశాంగ శాఖ లెక్క. మీకు అంత అవసరం లేదు. రోజుకు గంట చొప్పున మూడు నెలలు కూర్చుంటే బోర్డులు చదవడం, నాలుగు ముక్కలు మాట్లాడటం, కాగితం మీద ముఖ్యమైన మాటలు గుర్తుపట్టడం వస్తాయి. 2015 నుంచి వర్క్ పర్మిట్ కోసం చాలామంది విదేశీయులు రష్యన్ భాష, చరిత్ర, చట్టాల మీద ప్రాథమిక పరీక్ష పాసవ్వాల్సి వస్తోంది. ఈ చదువు దానికీ పనికొస్తుంది.

మొదటి రెండు వారాలు: అక్షరాలు

మొత్తం 33 అక్షరాలు. ఏ, కే, ఎం, ఓ, టీ ఆకారాలు ఇంగ్లీషులో ఉన్నట్టే ఉంటాయి, శబ్దం కూడా దాదాపు అదే. మోసం చేసేవి ఇవి:

- బీ లా కనిపించేది "వ"
- హెచ్ లా కనిపించేది "న"
- పీ లా కనిపించేది "ర"
- సీ లా కనిపించేది "స"
- వై లా కనిపించేది "ఉ"
- ఎక్స్ లా కనిపించేది "ఖ"
- తిప్పి రాసిన ఆర్ "య", తిప్పి రాసిన ఎన్ "ఇ"
- 3 అంకెలా ఉండేది ఇంగ్లీషు జెడ్ శబ్దం, 4 అంకెలా ఉండేది "చ"

అందుకే ఇంగ్లీషు అలవాటుతో చదివితే "పెక్టోపా" అనిపించే బోర్డు నిజానికి "రెస్తరాన్", అంటే రెస్టారెంట్. రోజూ ఐదు అక్షరాలు, ఒక్కోటి ఇరవై సార్లు చేత్తో రాయండి. చేతిరాతలో కొన్ని ఆకారాలు మారిపోతాయి. "త" అక్షరం చిన్న ఎం లా కనిపిస్తుంది. మొదట అచ్చు అక్షరాలు పట్టుకోండి, చేతిరాత తర్వాత చూద్దాం.

పలకడంలో మనకో లాభం ఉంది. రష్యన్‌లో ట, డ లేవు, మన త, ద లాంటివే ఉన్నాయి. ఒక చిక్కు కూడా ఉంది. మాటలో ఒక్క చోటే ఒత్తి పలుకుతారు. ఒత్తు లేని "ఒ" కాస్తా "అ" అవుతుంది. "జామక్" అంటే కోట, "జమోక్" అంటే తాళం. రాతలో రెండూ ఒకటే. అందుకే పుస్తకంతో పాటు ఆడియో తప్పనిసరిగా వినాలి.

తెలుగు నుంచి వెళ్తే తేలిక

చాలా యాప్‌లు రష్యన్‌ను ఇంగ్లీషు ద్వారా నేర్పుతాయి. వాక్యం మాత్రం మనసులో తెలుగులోనే కట్టుకోండి.

- "యా రబోచీ" అంటే "నేను కార్మికుణ్ణి". ఇంగ్లీషులో లాగా మధ్యలో "యామ్", "ఈజ్" ఉండవు.
- "మ్న్యే ఖోలద్న" అంటే "నాకు చలిగా ఉంది". "మ్న్యే బోల్న" అంటే "నాకు నొప్పిగా ఉంది". మనలాగే "నాకు" అనే మొదలుపెడతారు.
- "రబోత" పని, "న రబోతు" పనికి, "న రబోతె" పని దగ్గర. మన విభక్తుల్లాగే మాట చివర మారుతుంది. ఇవి ఆరు రకాలు.
- నువ్వు, మీరు తేడా వాళ్లకూ ఉంది: "తీ", "వీ". ఫోర్‌మన్‌తో, పోలీసుతో, డాక్టర్‌తో "వీ" అనే మాట్లాడండి.

తేడా ఒకటి: "నేను పనిచేశాను" అనడానికి మగవాళ్లు "యా రబోతల్", ఆడవాళ్లు "యా రబోతల" అంటారు.

సైట్‌లో ప్రాణం కాపాడే మాటలు

- అపాస్న: ప్రమాదం
- అస్తరోజ్న: జాగ్రత్త
- స్తోయ్: ఆగు
- నిల్జ్యా: చేయకూడదు
- వ్ఖోద్, వీఖద్: లోపలికి దారి, బయటికి దారి
- పమగీత్యె: సాయం చేయండి
- యా నె పనిమాయు: నాకు అర్థం కావట్లేదు
- మేద్లిన్న, పజాలస్త: నెమ్మదిగా చెప్పండి, ప్లీజ్

అన్ని ఎమర్జెన్సీలకూ నంబర్ 112. అంబులెన్స్‌కు 103, పోలీసులకు 102.

కాగితం మీద చూడాల్సిన మాటలు

- త్రుదవోయ్ దగవోర్: పని ఒప్పందం. మీకు కావాల్సింది ఇదే.
- రబతదాతిల్: పని ఇచ్చేవాడు, అంటే కంపెనీ పేరు
- జరబోత్నయ ప్లాత: జీతం
- స్రోక్: గడువు
- పోద్‌పిస్: సంతకం
- వయేన్నయ స్లూజ్బ: సైనిక సేవ
- మినిస్తేర్‌స్త్వ అబరోని: రక్షణ శాఖ

చివరి రెండు మాటల్లో ఏది కనిపించినా పెన్ను కింద పెట్టేయండి. "కంత్రాక్త్" అనే మాటను మాత్రమే చూసి ధైర్యపడకండి. సైన్యం ఒప్పందాన్ని కూడా అలాగే అంటారు. "వయేన్నయ" చివర మారినా మొదలు మారదు. పెద్ద అక్షరాల్లో అది బీ, ఓ, ఈ, హెచ్, హెచ్ పక్కపక్కన పేర్చినట్టు ఉంటుంది. ఈ ఆకారాన్ని బొమ్మలా గుర్తుపెట్టుకోండి.

రష్యా కార్మిక చట్టం ప్రకారం పని ఒప్పందం రాతపూర్వకంగా రెండు కాపీలు ఉండాలి, ఒకటి మీ చేతికి ఇవ్వాలి. జీతం కనీసం పదిహేను రోజులకోసారి ఇవ్వాలి. మామూలు పని వారానికి 40 గంటలు. కాపీ ఇవ్వమంటే ఇవ్వనివాడి దగ్గర సంతకం పెట్టకండి.

ఎక్కడ నేర్చుకోవాలి?

డ్యులింగోలో రష్యన్ కోర్సు ఉంది, అక్షరాలకు, చిన్న మాటలకు సరిపోతుంది. మాస్కోలోని పుష్కిన్ ఇన్‌స్టిట్యూట్ ఆన్‌లైన్ పాఠాలు కూడా ఉన్నాయి. క్లాసులో కూర్చోగలిగితే హైదరాబాద్ ఇఫ్లూలో రష్యన్ విభాగం, చెన్నైలో రష్యన్ హౌస్ ఉన్నాయి. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో రష్యన్‌ను ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, నెట్ లేని చోట అక్కరకొస్తుంది. కెమెరా చూపిస్తే అచ్చు కాగితాన్ని తర్జుమా చేస్తుంది. అయితే అది తప్పులు చేస్తుంది కాబట్టి దాన్ని మాత్రమే నమ్మి సంతకం పెట్టొద్దు.

ఇంట్లో వాళ్లకు

సంతకానికి ముందు ప్రతి పేజీ ఫోటో ఇంటికి పంపమని మీ వాళ్లకు గట్టిగా చెప్పండి. పైన చెప్పిన ఏడు మాటలు మీరూ నేర్చుకోండి. అక్కడ తొందరపెట్టే మనిషి పక్కన ఉన్నప్పుడు, ఇక్కడ నింపాదిగా చూసే కళ్లు కావాలి. ఏజెంట్‌కు లైసెన్స్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడండి. మాస్కోలోని మన రాయబార కార్యాలయం నంబర్ ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి. ఏదైనా తేడా వస్తే కేంద్రం నడిపే మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. అప్పుడు ఆ పేజీల ఫోటోలే మీకు ఆధారం.