కప్పు దిగిన నిప్పు

మహారాష్ట్రలోని కోర్పనా తాలూకాలో సిమెంటుకు కొదవ లేదు. గడ్‌చాందూరులో మాణిక్‌గఢ్ సిమెంటు, ఆవార్‌పూర్‌లో ఎల్ అండ్ టీ కట్టగా తర్వాత అల్ట్రాటెక్ చేతికి వెళ్లిన ఫ్యాక్టరీ, ఉప్పర్‌వాహీలో అంబుజా వారి మరాఠా సిమెంటు. కాళ్ల కింద సున్నపురాయి, కూతవేటు దూరంలో బొగ్గు గనులు ఉన్నాయి కాబట్టే అవన్నీ అక్కడ వెలిశాయి. ఇంత సిమెంటు పుట్టే నేల మీద జనం తరతరాలుగా గడ్డి కప్పు కిందే బతికారు. ఆ తాలూకా ఇళ్ల కథంటే సగం నిప్పు కథే.

కోర్పనా మనకు పరాయి ఊరేమీ కాదు. రాజురా తాలూకాతో కలిసి నిజాం ఏలుబడిలో ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న ప్రాంతమే. 1956లో రాష్ట్రాల పునర్విభజనప్పుడు బొంబాయి రాష్ట్రానికి వెళ్లింది. ముందు నాందేడ్ జిల్లాలో, 1959 నుంచి చాందా జిల్లాలో ఉంది. ఆ చాందాయే నేటి చంద్రపూర్. సరిహద్దు గీత మారింది గాని ఇళ్లల్లో తెలుగు పోలేదు. మరాఠీ, గోండీ, కొలామీలతో కలిసి నేటికీ వినిపిస్తుంది. ఇళ్లు కూడా గీతకు అటూ ఇటూ ఒక్క తీరే: వెదురు తడకలకు మట్టి మెత్తి, పేడతో అలికిన గోడలు, పైన గడ్డి.

గడ్డి కప్పు ఎండాకాలంలో చల్లగా ఉంటుంది, వానకు ఆగుతుంది, కూలి ఖర్చు తప్ప పైసా అడగదు. దాని గుణాలన్నీ ఒక్క నిప్పురవ్వ దగ్గర ఆగిపోతాయి. ఏప్రిల్, మే నెలల్లో 45 డిగ్రీలు దాటడం చంద్రపూర్ జిల్లాలో వార్తే కాదు. ఆ ఎండకు పెళుసెక్కిన కప్పు, దానికి తోడు మధ్యాహ్నపు వడగాలి. ఒక చూరు అంటుకుంటే గాలివాటున ఉన్న వాడంతా బూడిదే. అందుకే పాత ఊళ్లలో ఎవరూ రాసిపెట్టని కట్టుబాట్లు కొన్ని ఉండేవి. పొద్దెక్కక ముందే వంట ముగించాలి. చేనుకు పోయే ముందు పొయ్యిలో నీళ్లు చల్లాలి. గడ్డివామి ఇంటికి దూరంగా వేయాలి. అంటుకున్న ఇంటిని వదిలేసి, దాని పక్కింటి కప్పును పీకెయ్యాలి. ఈ చివరిది వింటే ఇప్పటివారికి విడ్డూరంగా ఉంటుంది. మన ఇల్లు అంటుకోకుండానే ఊరి వాళ్లొచ్చి కప్పు లాగేస్తే కేసు పెట్టమూ?

కౌటిల్యుడు మాత్రం ఆ పని చేయనివాడి మీదే కేసు పెట్టేవాడు. అర్థశాస్త్రంలో నగరపాలన గురించి చెప్పే చోట వేసవి నిప్పు మీద ఒక చట్టమే ఉంది. పగటిని నాలుగు భాగాలు చేస్తే నడుమ ఉన్న రెండు భాగాల్లో నిప్పు రాజేయకూడదు. రాజేస్తే పణంలో ఎనిమిదో వంతు జుర్మానా. వండక తప్పకపోతే ఇంటి బయట వండుకోవాలి. ఇంట్లో నీళ్ల కుండలు, తొట్టి, నిచ్చెన, గొడ్డలి, చేట, కొక్కెం, కప్పు గడ్డిని లాగే సాధనం, తోలు తిత్తి ఉండాలి. లేకపోతే పావు పణం. ఈ జాబితాను కాస్త నిదానంగా చూడండి. నీళ్లు పట్టే సరంజామా సగమే. నిచ్చెన, గొడ్డలి, కొక్కెం, గడ్డి లాగే సాధనం, ఇవన్నీ కప్పును పీకడానికి. నీళ్లతో ఆర్పగలమన్న భ్రమ ఆ రాసినాయనకు లేదు. మంటకు మేత దొరక్కుండా చేయడమే ఆయన ఎత్తు.

జుర్మానాల లెక్క ఇంకా ఆసక్తిగా ఉంటుంది. మంటలు లేచాక ఆర్పడానికి పరుగెత్తని ఇంటి యజమానికి 12 పణాలు, అద్దెకున్నవాడికి 6. వేళకాని వేళ పొయ్యి రాజేసినందుకు కట్టేదానికన్నా, చూస్తూ నిలబడినందుకు యజమాని కట్టేది 96 రెట్లు. అజాగ్రత్తతో ఇల్లు తగలబెడితే 54 పణాలు. కావాలని తగలబెట్టినవాణ్ణి ఆ మంటలోనే వేయమన్నాడు.

కావాలని తగలబెట్టిన ఇళ్ల చరిత్ర ఈ కొండల్లో ఉంది. కోర్పనాకు దక్షిణాన మాణిక్‌గఢ్ కొండలు దాటితే కెరమెరి అడవులు వస్తాయి. అక్కడ బాబిఝరి దగ్గర గోండులు, కొలాములు పోడు కొట్టుకుని గూడెం కట్టుకుంటే, ఖాళీ చేయలేదని అటవీ సిబ్బంది గుడిసెలకు నిప్పు పెట్టారు. గోండు నాయకుడు కుమ్రం భీమ్ తిరుగుబాటు వెనుక ఈ కాలిన గుడిసెలు ఉన్నాయి. 1940లో జోడేఘాట్‌లో ఆయన నేలకొరిగాక నిజాం ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌తో గోండుల స్థితిగతుల మీద అధ్యయనం చేయించింది. మార్లవాయిని స్థావరం చేసుకున్న ఆయన రాతల్లో ఈ దహనాల ప్రస్తావన ఉంది. పొయ్యి నిప్పుకు జాగ్రత్తలుంటాయి. సర్కారీ నిప్పుకు ఏ నీళ్ల కుండ అడ్డం?

తర్వాత కప్పులు మారాయి, నెమ్మదిగా. ఊరి కుమ్మరి చేసిన గూనపెంకు కలిగినవాళ్ల ఇళ్లకే పరిమితం. 1865లో బాసెల్ మిషన్ వారు మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టాక అచ్చు పోసిన పెంకు దేశమంతా పాకింది. ఆ వెనక రేకులు, 1980లు దాటాక స్లాబు. ఊరు మొత్తం ఒక్క మధ్యాహ్నంలో బూడిదయ్యే రోజులు పోయాయి. అది చిన్న విజయం కాదు. కానీ నిప్పు ఇల్లు విడిచి పోలేదు, కప్పు మీంచి గదిలోకి దిగింది.

ముందు పత్తి సంగతి. కోర్పనా, రాజురా, ఇటు ఆదిలాబాద్ అంతా పత్తి నేల. ధర పెరుగుతుందని తీసిన పత్తిని ముందు గదిలో దూలాలు తాకేలా నింపి, దాని పక్కనే మంచం వేసుకుని పడుకునే ఇళ్లు గీతకు రెండు వైపులా ఉన్నాయి. పత్తి మంట తీరు వేరు. పైన ఆరినట్టు కనిపిస్తుంది, లోపల రాజుతూనే ఉంటుంది. నీళ్లు కుమ్మరిస్తే పై పొర తడుస్తుంది, లోపలికి దిగదు. కుప్పను ఆరుబయటికి లాగి విప్పితే తప్ప ఆరినట్టు కాదు.

ఈ పాఠం దేశానికి బొంబాయి రేవులో అందింది. 1944 ఏప్రిల్ 14న ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ అడుగున పత్తి బేళ్లు అంటుకున్నాయి. గంటల తరబడి నీళ్లు కొట్టినా మంట మొదలు ఎక్కడో దొరకలేదు. అదే ఓడలో దాదాపు 1,400 టన్నుల పేలుడు పదార్థాలు ఉన్నాయి. సాయంత్రం 4 దాటాక ఓడ పేలిపోయింది. ఆర్పడానికి వెళ్లిన అగ్నిమాపక సిబ్బందిలోనే అరవై మందికి పైగా పోయారు. ఏటా ఏప్రిల్ 14న అగ్నిమాపక దినం జరిపేది వారి జ్ఞాపకార్థమే. ఆ శాఖ అధికారులకు శిక్షణ ఇచ్చే జాతీయ కళాశాల 1957 నుంచి నాగపూర్‌లో, అంటే కోర్పనా వాళ్లకు పెద్దాసుపత్రి ఉన్న ఊళ్లోనే నడుస్తోంది.

ఇక కూలర్. విదర్భ వేసవి కూలర్ లేకుండా గడవదు. దాని మూడు పక్కలా ఉండేది ఏమిటి? గడ్డి లాంటి చెక్క పీచు. కప్పు మీంచి దింపేశామనుకున్న గడ్డిని కిటికీలో, మోటారు చుట్టూ మనమే పేర్చుకున్నాం! తొట్టిలో నీళ్లయిపోయాక పంపు ఒట్టిగా తిరిగి వేడెక్కుతుంది, పీచు ఎండి ఉంటుంది. రెండు బల్బులకని ఎప్పుడో లాగిన తీగ మీదే కూలరు, ఫ్రిజ్జు, మోటారు నడిపితే తీగ కాగుతుంది. ఫ్యూజు ఊరికే కొట్టేస్తోందని లావు రాగి తీగ చుట్టడం కాపలా కుక్కను చంపుకోవడమే.

వంటింట్లో కట్టెల పొయ్యి పోయి గ్యాసు వచ్చింది. మన దగ్గర 1999లో దీపం పథకం, దేశమంతా 2016లో ఉజ్జ్వల దీన్ని పేదింటి దాకా తెచ్చాయి. పొగ తగ్గింది, నిప్పురవ్వ భయం తగ్గింది. కొత్త చిక్కల్లా గ్యాసు కంటికి కనబడకపోవడం. గాలికన్నా బరువు కాబట్టి లీకైతే గచ్చు మీద పరుచుకుని మూలల్లో మాటు వేస్తుంది. వాసన కూడా దాని సొంతం కాదు, మనకు తెలియడం కోసం కలిపినదే. ఆ వాసన తగిలితే స్విచ్చి వేయనూ కూడదు, ఆపనూ కూడదు. రెగ్యులేటరు కట్టేసి, తలుపులు బార్లా తెరిచి బయటికి నడవాలి.

వేసవి మొదలయ్యేలోపు ఒక పూట కేటాయించండి. సిలిండరు మెడ దగ్గర లోహపు పట్టీ మీద, దాన్ని మళ్లీ పరీక్షించాల్సిన గడువు ఒక అక్షరం, ఒక అంకెగా ఉంటుంది. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బీ అంటే ఏప్రిల్ నుంచి జూన్, సీ, డీ ఆ తర్వాతి మూడేసి నెలలు. అంకె సంవత్సరం. ఆ గడువు దాటిన సిలిండరు తెస్తే వెనక్కి పంపండి. రబ్బరు ట్యూబు వేసి ఐదేళ్లయితే మార్చండి. కూలర్ తొట్టి ఎండితే ముందు ప్లగ్గు పీకండి. పత్తి ఉన్న గదిలో పిల్లల్ని పడుకోబెట్టకండి, బీడీ వెలిగించకండి, ఫోన్ ఛార్జింగ్ పెట్టకండి. 101, 112 నంబర్లను తలుపు వెనక పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి.